ఆండ్రోమెడా మసక మచ్చలా వచ్చింది: టెలిస్కోపు కొనాలా?

ప్రశ్న: మాది కర్నూలు. బ్యాంకులో పని చేస్తాను. మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నాను. దాంతోపాటు 18-55, 55-250 లెన్సులు వచ్చాయి. పోయిన డిసెంబరులో మిద్దె మీద ట్రైపాడ్ పెట్టి, 250 దాకా జూమ్ చేసి, 30 సెకన్లు ఎక్స్‌పోజర్ ఇచ్చి ఆండ్రోమెడా గెలాక్సీని తీశాను. ఫోటో పంపుతున్నాను, చూడండి. ఒక మసక మచ్చ తప్ప ఏమీ లేదు. అందరూ పెట్టే ఫోటోల్లో నీలం, గులాబీ రంగులు, చుట్టలు తిరిగిన చేతులు కనిపిస్తాయి. అవి నిజమేనా, గ్రాఫిక్సా? 70 వేలు దాచాను. 8 అంగుళాల టెలిస్కోపు కొంటే నాకూ అలా వస్తాయా? ఇంట్లో కూర్చుని ఎంత దూరంలో ఉన్న గెలాక్సీ దాకా తీయగలం? మా బావమరిది మాత్రం "ఆ డబ్బుతో బండి మార్చుకో బావా" అంటున్నాడు. పేరు రాయకండి.

జవాబు: మీ ఫోటోను ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూశాను. చుక్కలన్నీ ఒకే వైపుకి సాగి గీతలయ్యాయి. ఒక గీతను కొలిస్తే వంద పిక్సెళ్లకు పైనే వచ్చింది. మధ్యలో ఉన్న మచ్చ కూడా అదే దిక్కుకి సాగింది. ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. మామూలుగా చూస్తే మనకు తెలియదు కానీ, 250 జూమ్ పెట్టాక ఆ కదలిక కూడా అంతే పెద్దదవుతుంది. మీ కెమెరాలో సెకనుకు మూడు నాలుగు పిక్సెళ్ల లెక్కన గెలాక్సీ జారిపోతూ ఉంది. ఒకచోట పోగుపడాల్సిన వెలుతురు వంద చోట్లకు చిందిపోయింది. బాగా మెరిసే నడిమి భాగం మాత్రం ఎలాగో మిగిలింది.

అయినా ఆ మచ్చను తీసిపారేయొద్దు. అది ఆండ్రోమెడానే. ఆ వెలుతురు బయల్దేరి సుమారు 25 లక్షల ఏళ్లయింది. మీ మిద్దె మీదికి వచ్చి పడింది. ఆ ఫోటో డిలీట్ చేయకండి, వచ్చే ఏడాది తీసినదాని పక్కన పెట్టి చూసుకోవాలి.

ఇక టెలిస్కోపు. ఇప్పుడు వద్దు. మీ బావమరిది మాట విని కాదులెండి, నా కారణం వేరు. ఆండ్రోమెడా చిన్నగా ఉంటుంది కాబట్టి దగ్గరికి లాగాలి అని మనందరి మనసులో ఉంటుంది. నిజానికి అది ఆకాశంలో దాదాపు 3 డిగ్రీల పొడవుంటుంది. నిండు చంద్రుళ్లను ఆరుగుర్ని వరసగా నిలబెట్టినంత. మనకు కనిపించనిది చిన్నదై కాదు, మసకదై. 8 అంగుళాల టెలిస్కోపులు ఎక్కువగా 1000 మి.మీ., ఆపైన ఫోకల్ లెంగ్త్‌తో వస్తాయి (మీ లెన్సు మీది 55, 250 లాంటి అంకె ఇదే). 1000దే అనుకోండి. దానికి మీ కెమెరా తగిలిస్తే ఫ్రేములో పట్టేది డిగ్రీంబావు. అంటే ఆండ్రోమెడా బొడ్డు మాత్రమే వస్తుంది, చేతులు బయటే ఉండిపోతాయి. మీ దగ్గరున్న 250 లెన్సులో అయితే 5 డిగ్రీలు పడుతుంది. గెలాక్సీ మొత్తం, పక్కనే ఉండే ఎం 32, ఎం 110 అనే పిల్ల గెలాక్సీలతో సహా, చుట్టూ కాస్త ఖాళీ వదిలి మరీ కూర్చుంటుంది. పైగా 1000 మి.మీ. టెలిస్కోపును ఆకాశంతోపాటు తిప్పుతూ నిలకడగా పట్టుకునే మౌంట్ కొనాలంటే అసలు టెలిస్కోపు కంటే దానికే ఎక్కువవుతుంది. చవకరకం మౌంట్ మీద పెడితే చిన్న గాలికే ఊగుతుంది. నేను మొదట చేసిన పని అదే. ఏడాదిన్నర పాటు నా దగ్గర ఖరీదైన టెలిస్కోపు, గీతలు పడ్డ ఫోటోలు, రెండూ ఉన్నాయి.

దూరపు గెలాక్సీలకు కావల్సింది సమయం. 1888లో ఇంగ్లండులో ఐజాక్ రాబర్ట్స్ అనే ఆయన, వృత్తికి ఇళ్లు కట్టే వ్యాపారి, 20 అంగుళాల టెలిస్కోపుకు ఫోటో రసాయనం పూసిన గాజు పలక తగిలించి గంటల తరబడి ఆండ్రోమెడా వైపే ఉంచాడు. పలక కడిగి చూస్తే అందులో చుట్టలు తిరిగిన ఆకారం ఉంది. అంతకుముందు ఎంతెంత పెద్ద టెలిస్కోపుల్లో చూసినవాళ్లకూ అది దొరకలేదు. కన్ను ఎప్పటి వెలుతురు అప్పుడే ఖర్చుపెట్టేస్తుంది, కెమెరా దాచుకుంటుంది. రికరింగ్ డిపాజిట్ అనుకోండి, మీకు చెప్పాలా. మన హైదరాబాదులో కూడా నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు వందేళ్ల కిందటే గాజు పలకల మీద ఆకాశాన్ని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టికలు కట్టారు. కాబట్టి ఈ పిచ్చి మీ ఒక్కరికే పట్టిందని ఇంట్లో ఎవరైనా అంటే ఆ మాట చెప్పండి.

ఇప్పుడు గాజు పలక లేదు, గంటల తరబడి ఒకే ఎక్స్‌పోజర్ ఇవ్వనక్కర్లేదు. చిన్న చిన్న ఫ్రేములు వందలకొద్దీ తీసి, వాటిని కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చుతాం. దీన్ని స్టాకింగ్ అంటారు. గెలాక్సీ ప్రతి ఫ్రేములోనూ ఒకేచోట ఉంటుంది కాబట్టి నిలబడుతుంది. ఇసక చల్లినట్టుండే నాయిస్ ఒక్కో ఫ్రేములో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి చెరుపుకుంటుంది. వంద ఫ్రేములు పేరిస్తే నాయిస్ పదో వంతుకు దిగుతుంది. నాలుగు వందలు పేరిస్తే ఇరవయ్యో వంతుకు. అంటే మెరుగు రెట్టింపు కావాలంటే శ్రమ నాలుగింతలు. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు "ఏ కెమెరా?" అని అడగరు, "ఎన్ని గంటలు?" అని అడుగుతారు.

పెద్ద ఖర్చు లేకుండా మొదటి పాఠం ఇలా చేయండి. 250 జూమ్ పక్కన పెట్టి, 18-55 లెన్సును 50 దగ్గర ఉంచండి. ఎవరి దగ్గరైనా 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు అరువు దొరికితే ఇంకా మంచిది. దాన్ని ఎఫ్ 2.8కి దించి, అంటే లెన్సు రంధ్రాన్ని కాస్త మూసి వాడండి. ఐఎస్ఓ 1600, ఎక్స్‌పోజర్ 4 సెకన్లు, ఫైలు తప్పకుండా 'రా' (RAW)లో, అంటే కెమెరా కుదించని అసలు ఫైలుగా. మూడు వందల ఫ్రేములు తీయండి, మొత్తం 20 నిమిషాల వెలుతురు. బటన్ వేలితో నొక్కకండి, వరసగా తనే ఫోటోలు తీసే ఇంటర్వలోమీటర్ రిమోట్ పెట్టండి. పది నిమిషాలకొకసారి గెలాక్సీ ఫ్రేములో పక్కకి జరిగిపోతుంది, మళ్లీ మధ్యకి తెచ్చుకోండి. స్టాకింగుకి డీప్ స్కై స్టాకర్, సిరిల్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. నా ఓటు సిరిల్‌కే. మొదటి వారం తిట్టుకుంటారు, తర్వాత వదలరు.

ఫోకస్ దగ్గర మాత్రం తొందర పడొద్దు. ఆటోఫోకస్ ఆఫ్ చేసి, లైవ్ వ్యూలో ఒక పెద్ద చుక్కను పది రెట్లు పెంచి, అది ఎంత చిన్న బిందువుగా కనిపిస్తే అక్కడ ఆపి, రింగు కదలకుండా టేపు అంటించండి. లెన్సు మీది అనంతం గుర్తును నమ్మకండి, అది దాదాపు ఎప్పుడూ కాస్త అటో ఇటో ఉంటుంది. మీ ఫోటోలో గీతలు లావుగా కూడా ఉన్నాయి, ఫోకస్ కూడా కొంచెం తప్పిందన్నమాట.

ఈ పాఠం మీకు నచ్చితే, అంటే మూడు వందల ఫ్రేములు తీయడం విసుగనిపించకపోతే, అప్పుడు దాచిన డబ్బు తీయండి. కొనాల్సింది స్టార్ ట్రాకర్. ట్రైపాడుకీ కెమెరాకీ మధ్య కూర్చుని, భూమి తిరిగే వేగానికి సరిగ్గా ఎదురు తిరిగే చిన్న పెట్టె. దాని మీద మీ 250 లెన్సే పెట్టి, ఒక్కో ఫ్రేము నిమిషం చొప్పున తీయొచ్చు. రెండు గంటల్లో 120 ఫ్రేములు. ఆ మచ్చలోంచి ధూళి పట్టీలు, చేతులు బయటికి రావడం అక్కడ మొదలవుతుంది. ఈమధ్య అన్నీ తనే చేసుకునే స్మార్ట్ టెలిస్కోపులు కూడా వచ్చాయి. ఫోనులో వేలితో నొక్కితే గెలాక్సీని వెతికి, తీసి, పేర్చి చూపిస్తాయి. చెడ్డవేం కాదు. కెమెరా లేనివాళ్లకు, పిల్లలకు చూపించేవాళ్లకు భలే ఉంటాయి. మీకు కెమెరా, లెన్సు, ఓపిక ఉన్నాయి కాబట్టి ట్రాకరే అంటాను.

ట్రాకర్ వాడాలంటే దాని ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి. ఇక్కడే మన ప్రాంతపు తంటా ఉంది. ధ్రువ నక్షత్రం ఎంత అక్షాంశమో అంత ఎత్తులోనే ఉంటుంది. కర్నూలులో 16 డిగ్రీలకి కాస్త తక్కువ. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు అనుకుంటే, నేల మీంచి పిడికిలిన్నర ఎత్తు. ఉత్తరాన ఒక అపార్టుమెంటు ఉంటే చాలు, ధ్రువుడు మాయం. చెట్టున్నా అంతే, దుమ్ము లేచినా అంతే. కాబట్టి చోటు ఎంచుకునేటప్పుడు గెలాక్సీ కంటే ముందు ధ్రువుడు కనిపిస్తున్నాడో లేదో చూసుకోండి.

చోటు మాట వచ్చింది కాబట్టి అసలు సంగతి చెప్తాను. మిద్దె మీద వీధిలైట్ల వెలుతురు ఆకాశమంతా పరుచుకుని ఉంటుంది, గెలాక్సీ చేతులు దానికంటే చాలా మసక. ఊళ్లో ఆకాశం పల్లెలో కంటే పది రెట్లు వెలుతురుగా ఉందనుకోండి, పల్లెలో గంటలో వచ్చే ఫోటోకి మిద్దె మీద పది గంటలు పడుతుంది. ఆ తేడాను ఏ లెన్సూ పూడ్చలేదు, పెట్రోలు పూడుస్తుంది. "లైట్ పొల్యూషన్ ఫిల్టర్" అని అమ్ముతుంటారు. పాత సోడియం దీపాల కాలంలో కొంత పనికొచ్చేవి. ఎల్ఈడీ వీధిలైట్లు అన్ని రంగుల్లోనూ వెలుగుతాయి, గెలాక్సీ కూడా కోట్లాది నక్షత్రాల వెలుతురే కాబట్టి అన్ని రంగుల్లోనూ ఉంటుంది. రెంటినీ ఫిల్టర్ విడదీయలేదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

కర్నూలు నుంచి నల్లమల దగ్గరే కదా అనిపిస్తుంది. అది పులుల అభయారణ్యం, రాత్రి గేట్లు వేసేస్తారు, ఆ ఆలోచన వద్దు. తుంగభద్ర దాటి అలంపురం వైపు పల్లెల్లో తెలిసినవాళ్ల పొలం ఉంటే చూడండి. ఎందుకు ఉత్తరానికే అంటున్నానంటే, మీ ఊరినుంచి ఆండ్రోమెడా నడినెత్తికి ఉత్తరంగా, 64 డిగ్రీల ఎత్తులో దాటుతుంది. ధ్రువుడూ ఉత్తరానే. మీరు డోన్ వైపు వెళితే కర్నూలు లైట్ల వెలుతురు సరిగ్గా ఆ దిక్కునే లేస్తుంది. ఊరిని వీపు వెనక పెట్టుకోవాలి.

రోజు ఎంచుకోవడానికి గోడ మీది క్యాలెండరు చాలు: అమావాస్యకు రెండు మూడు రోజులు అటూ ఇటూ. దీపావళి అమావాస్య పనికిరాదు, టపాసుల పొగ. దాని తర్వాత వచ్చే కార్తీక అమావాస్య, పోలి పాడ్యమికి ముందు రోజు, నాకు తెలిసి ఏడాదిలో మన ప్రాంతానికి దొరికే మంచి రాత్రుల్లో ఒకటి. వాన తగ్గుతుంది, ఆకాశం కడిగినట్టుంటుంది, రాత్రి ఎనిమిది తొమ్మిదికే ఆండ్రోమెడా నెత్తిమీదుంటుంది. "అమావాస్య పూట పొలాల్లోకేంటి" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. మా అమ్మ పదేళ్లుగా అంటూనే ఉంది.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఒకసారి పత్తికొండ వైపు ఒక చేను గట్టు మీద నేను, నా స్నేహితుడు కెమెరా బిగించి, కళ్లు చెదరకుండా ఎర్ర లైటు పెట్టుకుని కూర్చున్నాం. రాత్రి పదకొండుకి టార్చిలు వేసుకుని ఐదుగురు వచ్చారు. అమావాస్య, అర్ధరాత్రి, ఎర్ర లైటు, వింత యంత్రం: గుప్తనిధుల కోసం వచ్చామనుకున్నారు. తప్పు వాళ్లది కాదు. కెమెరా వెనక స్క్రీను మీద ఒక నిమిషం ఫ్రేము చూపించాను. ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "దీనికోసరం ఇంత దూరం వచ్చినావాప్పా?" అన్నాడు. తర్వాత ఆయనే టీ తెప్పించాడు. మీరు మాత్రం పొలం యజమానికీ, ఊళ్లో ఒకరిద్దరికీ ముందే చెప్పి వెళ్లండి, ఒంటరిగా వెళ్లకండి.

కార్తీకంలో ఇంకో శత్రువు మంచు. ఒంటిగంట దాటాక లెన్సు అద్దం మీద సన్నగా పట్టేస్తుంది. కళ్లతో చూస్తే తెలియదు. ఇంటికొచ్చి చూసుకుంటే చివరి ఎనభై ఫ్రేముల్లో చుక్కలన్నీ బూరెల్లా ఉబ్బి ఉంటాయి. లెన్సుకి హుడ్ పెట్టండి, పవర్ బ్యాంకుతో నడిచే డ్యూ హీటర్ పట్టీ చుట్టండి. ఇంటికి బయల్దేరేముందు రెండు పనులు మరవొద్దు. లెన్సు మూత పెట్టి అదే ఐఎస్ఓ, అదే సెకన్లతో ఇరవై ఫ్రేములు తీయండి, వీటిని డార్క్స్ అంటారు. తర్వాత ఫోకస్ కదపకుండా లెన్సు మీద తెల్ల బనీను బిగుతుగా కప్పి, ల్యాప్‌టాప్‌లో తెల్ల తెర వేసి దానికి ఎదురుగా పెట్టి ఇంకో ఇరవై తీయండి, ఇవి ఫ్లాట్స్. సెన్సరు వేడి మచ్చలు, అద్దం మీది దుమ్ము, మూలల్లో చీకటి అన్నీ వీటితో పోతాయి. నిద్ర ముంచుకొస్తుంటుంది, రేపు తీద్దాంలే అనిపిస్తుంది. రేపు తీయరు.

రంగుల సంగతి అడిగారు. నిజమే, గ్రాఫిక్స్ కాదు. చీకట్లో మన కంటికి రంగు తెలియదు, అందుకే టెలిస్కోపులో కూడా గెలాక్సీ బూడిదరంగులోనే కనిపిస్తుంది. కెమెరాకి ఆ ఇబ్బంది లేదు. ఆండ్రోమెడా నడుమ పసుపు ముసలి నక్షత్రాలది, చేతుల్లో నీలం కుర్ర నక్షత్రాలది, అక్కడక్కడా గులాబీ చుక్కలు మెరిసే హైడ్రోజన్ మేఘాలవి. స్టాకింగ్ తర్వాత వెలుతురును సాగదీస్తాం, దాన్ని స్ట్రెచింగ్ అంటారు, అప్పుడు రంగులు పైకి తేలతాయి. అదంతా న్యాయమే. కొన్ని ఏఐ పరికరాలు లేని వివరాన్ని ఊహించి గీస్తాయి, అది మాత్రం నాకు మోసమే. మీ ఫోటోలో లేని చుక్క తర్వాత ప్రత్యక్షమైతే దాన్ని అనుమానించండి.

అయితే అన్ని ఫోటోలూ తీసేశారు, ఇంకేం మిగిలిందని కూడా అనిపించొచ్చు. ఆండ్రోమెడా కంటే ఎక్కువసార్లు ఫోటో తీసిన గెలాక్సీ లేదేమో. 2022లో యాన్ సాంటీ, మార్సెల్ డ్రెక్స్‌లర్, జేవియర్ స్ట్రోట్నర్ అనే ముగ్గురు అమెచ్యూర్లు 10 సెంటీమీటర్ల పైచిలుకు టెలిస్కోపుతో ఆక్సిజన్ వెలుతురును మాత్రమే వదిలే ఫిల్టర్ కూడా వాడి, అన్నీ కలిపి వంద గంటలకు పైగా తీస్తే, ఆ గెలాక్సీ పక్కనే అంతవరకూ ఎవరి కంటా పడని పెద్ద వెలుతురు చాపం బయటపడింది. అర్జెంటీనాలో రోసారియోలో విక్టర్ బుసో అనే తాళాల పనివాడు 2016 సెప్టెంబరు 20 రాత్రి కొత్త కెమెరాను పరీక్షించడానికి ఎన్‌జీసీ 613 గెలాక్సీని వరసగా చిన్న చిన్న ఎక్స్‌పోజర్లతో తీస్తున్నాడు. ఆ ఫ్రేముల మధ్యలోనే ఒక నక్షత్రం పేలడం మొదలైంది. సూపర్‌నోవా తొలి వెలుగు అంత స్పష్టంగా అంతకుముందు ఎవరికీ చిక్కలేదు. ఆయన ఉన్నది ఊళ్లోనే, ఇంటి పైనే.

ఆండ్రోమెడా తర్వాత ఏంటంటే, మార్చి నుంచి సప్తర్షి మండలం. పెళ్లిలో పంతులుగారు చూపించిన అరుంధతీ వశిష్ఠుల నుంచి తోక చివరి మరీచి దాకా వెళ్లండి. ఆ తోకకు అటొకటి ఇటొకటి గెలాక్సీలు ఉంటాయి, ఎం 101, ఎం 51. రెండూ రెండు కోట్ల కాంతి సంవత్సరాలు దాటినవి. 250 లెన్సులో చిన్నగానే వస్తాయి, కానీ చుట్ట తిరిగి ఉన్నట్టు తెలుస్తుంది. ఏప్రిల్లో దక్షిణాన సెంటారస్ ఏ ఉంది, మీకు 31 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లండన్లో ఉన్నవాడికి అది ఎప్పటికీ ఉదయించదు. ధ్రువుడు కిందికి దిగినందుకు మనకు దొరికిన నష్టపరిహారం అది. దీనికి మాత్రం డోన్ వైపు వెళ్లండి. మే నెలలో సెన్సరు వేడెక్కి నాయిస్ పెరుగుతుంది, డార్క్స్ ఎక్కువ తీయండి. జూన్ నుంచి మబ్బులు, కెమెరాను సిలికా జెల్ వేసిన డబ్బాలో దాచి పాత ఫ్రేములతో సిరిల్ నేర్చుకోండి.

ఎంత దూరం దాకా అన్నారు కదా. మీ దగ్గరున్న లెన్సుతోనే, ట్రాకర్ ఉంటే, 200 కోట్ల కాంతి సంవత్సరాలు దాటొచ్చు. కన్యా రాశిలో 3సీ 273 అనే క్వాసార్ ఉంది. ఒక గెలాక్సీ నడిబొడ్డున బ్లాక్ హోల్ చుట్టూ మండే వెలుతురు అది. 1963లో మార్టెన్ ష్మిట్ దాని దూరం తేల్చేదాకా అందరికీ అది మామూలు చుక్కలాగే కనిపించేది. మీ ఫోటోలోనూ చుక్కలాగే వస్తుంది, 13వ ప్రకాశ తరగతి (అంకె పెరిగేకొద్దీ మసక), అందం ఏమీ ఉండదు. ఏప్రిల్లో గంటసేపు కన్యా రాశిని తీసి, పేర్చి, స్టెల్లేరియం అనే ఆకాశ పటాల సాఫ్ట్‌వేర్‌లో 3సీ 273 అని వెతికి, అక్కడ చూపించే చుక్కల పటంతో మీ ఫోటోను పోల్చి, ఆ ఒక్క చుక్క చుట్టూ ఎర్ర గుండ్రం గీసి నాకు పంపండి. దాన్ని మీ బావమరిదికి కూడా చూపించండి, ఏమంటాడో నాకు రాయండి.

అన్నట్టు, బయల్దేరేముందు మెమరీ కార్డు కెమెరాలోనే ఉందో లేదో చూసుకోండి. నేను రెండుసార్లు ల్యాప్‌టాప్‌లోనే వదిలేసి డెబ్బై కిలోమీటర్లు వెళ్లాను.